విశాఖ కలెక్టరేట్‌లో మీ కాగితం ఏ గదిలో ఉందో ఎలా పట్టుకోవాలి

విశాఖలో కలెక్టర్ ఆఫీసుకి దారి ఎవరినీ అడగక్కర్లేదు. జగదాంబ జంక్షన్లో ఏ ఆటో ఎక్కినా కేజీహెచ్ డౌన్‌లో దింపేస్తాడు. తిప్పలన్నీ గేటు దాటాకే. నూరేళ్లు దాటిన పాత భవనం, అవసరం పడ్డప్పుడల్లా దాని చుట్టుపక్కల కట్టుకుంటూ పోయిన ఆఫీసులు, వరండాల్లో జనం, గుమ్మం గుమ్మానికీ ఒక బోర్డు, ఆ బోర్డుల్లో సగం పొట్టి అక్షరాలు. ఒకాయన "ఆ చివర అడగండి" అంటాడు. ఆ చివరాయన "ఇది మేం చూడట్లేదండీ" అంటాడు. మధ్యాహ్నం అయ్యేసరికి కొందరు విసుగెత్తి ఇంటిదారి పడతారు, కొందరు బయట టీ కొట్టు దగ్గర దొరికే "నేను చూసుకుంటాలెండి" బాపతు మనిషి చేతిలో నోటు పెడతారు. ఆ మనిషికి పెద్ద పలుకుబడేం ఉండదు. కాగితం ఏ గుమ్మంలోంచి లోపలికెళ్తుందో, ఏ బల్ల మీద ఆగుతుందో, చివరికి ఏ గదిలో పడుంటుందో ఆయనకి తెలుసు, అంతే. అది తెలుసుకోవడానికి నోటు అక్కర్లేదు.

భూమి పని మీద వెళ్లేవాళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నా, ఎందుకంటే ఆ వరండాలో నిలబడేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. మిగతా పనులకీ దారి ఇంచుమించు ఇదే.

ముందు ఇంట్లోనే చేయాల్సింది

బయల్దేరే ముందు ఒక తెల్ల కాగితం మీద రెండు ముక్కలు రాసుకోండి. మీ భూమి ఉన్న ఊరు ఇవాళ ఏ జిల్లాలో ఉంది? మీకు కావాల్సిన పాత కాగితం పుట్టిన ఏడాదిలో అదే ఊరు ఏ జిల్లా, ఏ తాలూకాలో ఉంది? ఈ రెండూ తేలకుండా ఆఫీసుకెళ్తే సగం రోజు గాలికి పోయినట్టే.

ఎందుకంటే ఈ జిల్లా అంతలా ముక్కలైంది. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో విశాఖపట్నం జిల్లా అంటే ఇటు సముద్రం నుంచి అటు జయపూర్ కొండల దాకా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు జయపూర్, కోరాపుట్, రాయగడ వైపంతా అటు పోయింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా వేరుపడింది, బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు దాంతో పాటు వెళ్లాయి. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా పుట్టింది. అప్పుడు శ్రీకాకుళంలోంచి ఆ బొబ్బిలి, పార్వతీపురం, విశాఖలోంచి గజపతినగరం, శృంగవరపుకోట అందులో కలిశాయి. చివరగా 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాక, ఒకప్పుడు దేశంలోనే పెద్ద జిల్లాల్లో ఒకటైన విశాఖకి మిగిలింది 11 మండలాలు, విశాఖపట్నం, భీమునిపట్నం అనే రెండు రెవెన్యూ డివిజన్లు.

కాబట్టి నర్సీపట్నం భూమికి కొత్త అర్జీ అయితే అనకాపల్లి కలెక్టరేట్‌కి, పాడేరుదైతే పాడేరుకి వెళ్లాలి. మహారాణిపేటలోని విశాఖ కలెక్టరేట్‌లో ఎంతసేపు నిలబడినా "మా పరిధి కాదు" అనే మాటే వినపడుతుంది. కానీ మీ తాతగారి 1960ల నాటి ఉత్తర్వు కోసమైతే కథ వేరు, అది పుట్టింది విశాఖ కలెక్టరేట్‌లోనే. జిల్లా విడిపోయినప్పుడు ఆ ఫైలు ఇక్కడే ఉండిపోయిందా, కొత్త జిల్లాకి పంపించారా అన్నది ఆ ఫైలు ఫైలుకీ మారుతుంది, రెండు చోట్లా అడగాల్సిందే. బొబ్బిలి వాళ్లకి ఇంకో మెలిక: 1948 నాటి కాగితం మీద విశాఖపట్నం జిల్లా అని, 1965 దాని మీద శ్రీకాకుళం అని, 1985 దాని మీద విజయనగరం అని ఉంటుంది. ఊరు మాత్రం అంగుళం కదల్లేదు.

తాలూకా సంగతి కూడా. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం మండలాలు పెట్టింది, అంతకుముందు అన్నీ తాలూకాలే. పాత రికార్డుని మండలం పేరుతో వెతికితే దొరకదు. ఊళ్లో పెద్దవాళ్లని "మనది అప్పట్లో ఏ తాలూకా?" అని ఒక్క మాట అడిగి రాసుకోండి.

భవనం ఎందుకలా ఉందో

ఇంగ్లీషువాళ్ల కంపెనీ 1682లోనే ఇక్కడ వ్యాపార కేంద్రం పెట్టింది. వందేళ్లకు పైగా ఇక్కడి పెత్తనం చీఫ్, కౌన్సిల్ అనే వర్తక పద్ధతిలో నడిచింది. 1794లో అది ఎత్తేసి కలెక్టర్లని వేశారు. అప్పటి ఊరంటే ఇప్పటి వన్ టౌన్, కోట వీధి వైపు. దొరల బంగళాలు వాల్తేరు ఎగువన ఉండేవి. కలెక్టర్ ఆఫీసు ఈ రెంటికీ మధ్య, సముద్రానికి దగ్గరగా వచ్చింది. 1923లో కింగ్ జార్జ్ ఆస్పత్రి పక్కనున్న ఎత్తు మీద వెలిశాక "కేజీహెచ్ డౌన్" అనే పేరు ఈ చోటుకి అతుక్కుపోయింది.

పాత భవనంలో మీరు గమనించాల్సింది కమాన్ల అందం కాదు (అదీ చూడండి, తప్పులేదు), వరండా. ఫ్యాన్లు లేని కాలంలో కట్టిన కచేరీలన్నిటికీ ఒకే సూత్రం: మందపాటి గోడలు, ఎత్తైన పైకప్పు, ఎండ నేరుగా గదిలో పడకుండా చుట్టూ వరండా. గదిలోంచి గదిలోకి కాకుండా ప్రతి గదీ వరండాలోకే తెరుచుకుంటుంది. అర్జీదారు వరండాలో ఉంటాడు, గుమాస్తా గదిలో ఉంటాడు, గుమ్మం దగ్గర బిళ్ల బంట్రోతు. బిళ్ల పోయింది గానీ ఆ ఏర్పాటు పోలేదు. అందుకని తెలియని గదిలోకి దూరి అడ్డదారిలో పక్క గదికి పోదామని చూడకండి. వరండా వెంబడే నడవండి, గుమ్మం పైనున్న బోర్డు చదవండి, గుమ్మంలో ఆగి అడగండి. దీనివల్ల ఒక లాభం కూడా ఉంది, వరండాలో ఒక చుట్టు తిరిగితే అన్ని సెక్షన్ల బోర్డులూ కళ్లబడతాయి. మొదటిసారి వెళ్లినప్పుడు ఏ పనీ పెట్టుకోకుండా ఆ చుట్టు తిరగండి.

ఇంకోటి, ఈ ఆఫీసు ఒకప్పుడు రెండు ఆఫీసుల పెట్టు. 1839 నాటి 24వ చట్టంతో మన్యం ప్రాంతాలని మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టరుకే గవర్నర్ ఏజెంటు హోదా ఇచ్చారు. మైదానానికి కలెక్టరు, కొండలకి ఏజెంటు, మనిషి మాత్రం ఒక్కరే. అందుకే పాత కాగితాల్లో ఒకే సంతకం కింద ఒకసారి కలెక్టరనీ, ఇంకోసారి ఏజెంటనీ కనిపిస్తుంది. చింతపల్లి, జి.మాడుగుల వైపు పాత భూమి తగాదా తీర్పు వెతుకుతుంటే "ఏజెన్సీ" రికార్డు వేరుగా ఉందేమో అడగండి, కలెక్టరు రికార్డులో లేదనగానే వెనక్కి వచ్చేయకండి.

తుపాన్ల జిల్లా కాబట్టి తుపాను రోజుల గురించి కూడా ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరిని ఊడ్చేసినప్పుడు ముఖ్యమంత్రి కొన్ని రోజులు విశాఖలోనే మకాం వేసి సహాయ పనులు ఇక్కణ్ణించే నడిపించారు. వానాకాలంలో తుపాను హెచ్చరిక వచ్చిందంటే ఈ ఆఫీసులో సగం మంది ఆ పనిలోనే ఉంటారు. ఆ వారం మీ 22ఎ (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఫైలు గురించి అడగడానికి వెళ్లడం దండగ.

తపాలు దగ్గర మొదలుపెట్టండి

ఎంత పెద్దాయన తెలిసినా సరే, కాగితం తపాలు సెక్షన్లో, అంటే వచ్చే కాగితాలు తీసుకునే చోట ఇవ్వండి. కొత్తవాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు. నేరుగా కలెక్టరు గారి పేషీకి పోయి సీసీ (క్యాంపు క్లర్కు) చేతిలో పెట్టేస్తే పని తొందరగా అవుతుందనుకుంటారు. పేషీలో ఇచ్చినదీ మళ్లీ తపాలుకే వస్తుంది, నంబరు పడేది అక్కడే. నంబరు పడని కాగితం ఆ భవనంలో లేనట్టే లెక్క.

రెండు కాపీలు పట్టుకెళ్లండి. ఒకటి వాళ్లకి, రెండోదాని మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకుని మీ దగ్గర. "తర్వాత మెసేజ్ వస్తుంది" అంటే సరేనని, అయినా ముద్ర వేయమని మర్యాదగా అడగండి. ఇప్పుడు కాగితాల్ని స్కాన్ చేసి ఈ-ఆఫీస్‌లో ఎక్కిస్తున్నారు కాబట్టి, అక్షరాలూ అంకెలూ కలిపి బారెడు నంబరు ఒకటి పుడుతుంది. దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుంటే చాలదు, అర్జీ కాపీ వెనక చేత్తో కూడా రాసుకోండి.

అర్జీ రాసేటప్పుడు కథ తగ్గించండి. పైన "విషయం" అని ఒక్క లైను: ఊరు, మండలం, సర్వే నంబరు, విస్తీర్ణం, ఏం కావాలి. అన్నదమ్ముల తగువు మొదట్నించీ రాసిన నాలుగు పేజీల అర్జీని ఏ సెక్షన్‌కి పంపాలో తపాలు గుమాస్తా తేల్చుకోలేక ఏదో ఒకదానికి కొట్టేస్తాడు. అక్కడి నుంచి అది సరైన సెక్షన్‌కి చేరేసరికి నెల. తప్పు ఆయనది కాదు, ఆ పూట ఆయన ముందు అలాంటివి ఎన్ని ఉంటాయో చూస్తే మీకే అర్థమవుతుంది.

నంబరు చదవడం నేర్చుకోండి

నన్నడిగితే మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. కలెక్టరేట్ నుంచి మీకొచ్చిన ఏ పాత ఉత్తరమైనా తీయండి. పైన ఎడమవైపు "ఆర్.సి.నెం. 812/2016/ఈ4" లాంటిది ఉంటుంది (ఈ అంకెలు ఊరికే ఉదాహరణకి). దీన్ని ముక్కలు చేయండి. 812 ఆ ఏడాదిలో ఆ కాగితానికి పడిన వరుస సంఖ్య. 2016 ఏడాది. చివర ఉన్న "ఈ4" మీకు కావాల్సిన గది, అందులో మీకు కావాల్సిన బల్ల. "ఈ" అక్షరం సెక్షన్ది, 4 ఆ సెక్షన్లో ఆ సీటు చూసే అసిస్టెంటుది.

సెక్షన్ల పంపకం ఇంచుమించుగా ఇలా ఉంటుంది. "ఏ" సెక్షన్ సిబ్బంది వ్యవహారాలు, "బీ" జమాఖర్చులు, "సీ" మెజిస్టీరియల్, కోర్టు సంగతులు, "డీ" భూమి శిస్తు, ప్రకృతి వైపరీత్యాల సాయం, "ఈ" భూపరిపాలన, "ఎఫ్" భూసంస్కరణలు, "జీ" భూసేకరణ, "హెచ్" ప్రొటోకాల్, ఎన్నికలు, మిగిలిపోయినవన్నీ. అప్పుడప్పుడూ పనులు ఒక సీటు నుంచి ఇంకో సీటుకి మారుస్తుంటారు కాబట్టి గుమ్మం మీది బోర్డే ఆఖరి మాట. భూమి పని మీద వెళ్లేవాళ్లకి కావాల్సినవి "ఈ", "ఎఫ్", "జీ". ఎయిర్‌పోర్టుకో రోడ్డుకో తీసుకున్న భూమి పరిహారం "జీ"లో, డి-పట్టా (ప్రభుత్వం పంచి ఇచ్చిన) భూమి, పోరంబోకు, 22ఎ గొడవలు "ఈ"లో వెతకాలి.

ఇలా నంబర్లు వేసి ఫైలు నడిపే పద్ధతికి టాటెన్‌హామ్ పద్ధతి అని పేరు. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన ఐసీఎస్ అధికారి పేరు అది. ప్రతి అసిస్టెంటు దగ్గరా పర్సనల్ రిజిస్టరు అని ఒకటి, దాంట్లో తన సీటుకొచ్చిన ప్రతి కాగితానికీ ఒక పద్దు, అది ఏ రోజు ఎవరికి పంపాడు, జవాబు ఎప్పుడొచ్చింది, రిమైండర్ ఎప్పుడేశాడు. రిజిస్టరు కంప్యూటర్లోకి వెళ్లినా లెక్క అదే. కాబట్టి గుమ్మంలో నిలబడి "సార్, మా నాన్నగారి భూమి ఫైలు ఏమైందండీ" అనకండి. "సార్, 812 ఆఫ్ 2016, రిపోర్టు ఎవరి దగ్గర పెండింగ్‌లో ఉందో చూస్తారా" అనండి. మొదటిదానికి తల కూడా ఎత్తరు. రెండోదానికి ఎత్తి తీరతారు, ఎందుకంటే ఆ ప్రశ్నకి జవాబు ఒక్క లైను, అది ఆయన ముందే ఉంది.

ఆ జవాబు చాలాసార్లు "ఆర్డీఓ రిపోర్టు రావాలండీ" అని ఉంటుంది. ఇక్కడే జనం మోసపోయామనుకుంటారు. 22ఎ నిషేధిత జాబితా నుంచి మీ సర్వే నంబరు తీసేయమని అర్జీ పెట్టారనుకోండి. ఆ జాబితా రిజిస్ట్రేషన్ వాళ్లకి పంపేది కలెక్టరే కాబట్టి అర్జీ సరైన చోటే పెట్టారు. కానీ కలెక్టరు గారు మీ పొలం చూడలేదు కదా. "ఈ" సెక్షన్ వాళ్లు ఆర్డీఓని (రెవెన్యూ డివిజన్ అధికారిని) రిపోర్టు అడుగుతారు, ఆర్డీఓ తహశీల్దారుని అడుగుతారు, తహశీల్దారు వీఆర్వోనీ సర్వేయరునీ పొలం మీదకి పంపుతారు, మళ్లీ అదే దారిలో ఒక్కో మెట్టూ పైకి రావాలి. ఫైలు కదలట్లేదంటే ఈ మెట్లలో ఎక్కడుందో తెలుసుకుని అక్కడికి వెళ్లండి. తహశీల్దారు ఆఫీసులో ఆగిన కాగితం కోసం కలెక్టరేట్ చుట్టూ తిరిగితే చెప్పులరగడమే. పైనుంచి కిందికెళ్లిన ఉత్తరం నంబరు, తేదీ "ఈ" సెక్షన్లో అడిగి రాసుకుని, మండలంలో దాంతోనే అడగండి.

పెద్దవాళ్ల గదులు

కలెక్టరు, జాయింట్ కలెక్టరు (జేసీ), డీఆర్వో (జిల్లా రెవెన్యూ అధికారి), ఏఓ (పరిపాలనాధికారి). పని లేకుండా ఈ నలుగురిలో ఎవరి గుమ్మం ముందూ కూర్చోవద్దు. పాస్‌బుక్ చట్టం కింద తహశీల్దారు ఇచ్చిన మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఉత్తర్వు నచ్చకపోతే అప్పీలు ఆర్డీఓకి, ఆ పైన రివిజన్ జేసీకి. అది కేసు, దానికి నంబరు, వాయిదా ఉంటాయి, చాంబర్లో చేతులు కట్టుకుని చెప్పుకునే వ్యవహారం కాదు. డీఆర్వో రోజువారీ రెవెన్యూ పనులకి, ఏఓ ఆఫీసు నడకకి. సెక్షన్ వాళ్లు అసలు పలకట్లేదంటే సూపరింటెండెంటుని కలవండి, అక్కడా కాకపోతే ఏఓని. ఈ వరస తప్పి పైకి పోతే పైవాళ్లు మళ్లీ ఆ సూపరింటెండెంటునే పిలుస్తారు, ఆయన మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటాడు, అంతకుమించి ఒరిగేదేం ఉండదు.

డఫేదారుతో, అటెండర్లతో మర్యాదగా ఉండండి. "బాబూ", "అమ్మా" అని పిలిచి అడిగితే ఏ సీటులో ఎవరు సెలవో, ఎవరు మీటింగ్‌కి వెళ్లారో వాళ్లే చెప్తారు, మీకు ఒక పూట కలిసొస్తుంది.

సోమవారం

ప్రతి సోమవారం ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక, అదే పీజీఆర్ఎస్. పేరు ఒక్కో ప్రభుత్వంలో ఒక్కోటి, ప్రజావాణి అన్నారు, మీ కోసం అన్నారు, స్పందన అన్నారు. జరిగేది అదే: సమావేశ మందిరంలో కలెక్టరు, జేసీ, ఇతర శాఖల అధికారులు కూర్చుంటారు, అర్జీలు తీసుకుంటారు, కంప్యూటర్లో ఎక్కించి రశీదు ఇస్తారు. పది గంటల ప్రాంతంలో మొదలవుతుంది, కొంచెం ముందే వెళ్తే రాయించుకునే గొడవ లేకుండా పోతుంది.

ఇది దేనికి పనికొస్తుందో తెలుసుకుని వెళ్లండి. ఎక్కడో ఆగిపోయిన కాగితాన్ని కదిలించడానికి బాగా పనికొస్తుంది, ఎందుకంటే అర్జీకి గడువు పడుతుంది, గడువు దాటితే సమీక్షలో అడుగుతారు. కొత్త సమస్యని మొదటిసారి చెప్పడానికైతే అంతగా కాదు, అది నేరుగా మీ తహశీల్దారుకే పోతుంది, ఆ ముక్క మండలంలో సోమవారం జరిగే పీజీఆర్ఎస్‌లో చెప్పినా ఒకటే. అంతదూరం ఎందుకు రావడం? పెండింగ్ ఫైలు మీద వెళ్లేవాళ్లు మాత్రం అర్జీ మొదటి లైన్లోనే పాత నంబరు రాయండి. లేకపోతే కొత్త అర్జీకి కొత్త ఫైలు పుట్టి, పాతదీ కొత్తదీ రెండూ పక్కపక్క సీట్లలో నిద్రపోతాయి. ఇచ్చిన రశీదు నంబరుతో మీకోసం వెబ్‌సైట్లో చూసుకోవచ్చు, 1100కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు. "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చి, నిజంగా ఏమీ జరక్కపోతే ఊరుకోకండి, ఎండార్స్‌మెంట్ (అర్జీ మీద అధికారి రాసిన జవాబు) కాపీ తీసుకుని దాంట్లో ఏం రాశారో చదివి, అదే నంబరు మీద మళ్లీ తెరిపించండి.

రికార్డు రూము

అసలు నాకు ఇష్టమైన చోటు ఇదే. తీరిపోయిన ఫైళ్లన్నీ గుడ్డలో కట్టి, ఏడాది వారీగా, నంబరు వారీగా అరల్లో పెట్టిన గది. మీరు లోపలికి వెళ్లలేరు, రికార్డు అసిస్టెంటే తీసి తేవాలి. ఆయన్ని ఏమడగాలో తెలియాలంటే ఒక లెక్క తెలియాలి.

ఫైలు ముగిసినప్పుడు దాని మీద ఒక ముగింపు గుర్తు వేస్తారు. ఆర్.డిస్ అని ఉంటే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్ అయితే పదేళ్లు. కె.డిస్ మూడేళ్లు. ఎల్.డిస్ ఒక ఏడాది, ఆ తర్వాత చించేయొచ్చు. మీ పాత ఉత్తర్వు మీద ఉన్న ఆ రెండు అక్షరాలే మీ అదృష్టం. 1961 నాటి పట్టా ఉత్తర్వు ఆర్.డిస్ అయితే పట్టు వదలకండి, ఎక్కడో ఒక కట్టలో ఉండాల్సిందే. 1978 నాటి ఎల్.డిస్ ఉత్తరం కోసమైతే మనుషుల్ని ఇబ్బంది పెట్టకండి, నియమం ప్రకారమే అది ఎప్పుడో పోయింది.

పోయిందని తేలితే ఇంకో దారి. మీ దగ్గరున్న కాపీ కానీ, మసకబారిన జిరాక్స్ కానీ తీసి చివరి పేజీ అడుగున చూడండి. సంతకం కింద "కాపీ టు" అని చిన్న జాబితా ఉంటుంది: తహశీల్దారు, ఆర్డీఓ, సర్వే శాఖ, ఒక్కోసారి సబ్ రిజిస్ట్రారు. కలెక్టరేట్‌లో చించేసిన కాగితం కాపీ వాళ్లలో ఎవరి దగ్గరైనా బతికి ఉండొచ్చు. జనం ఆ జాబితాని అసలు చదవరు, అది ఆఫీసు గోల అనుకుంటారు. నాకైతే ఆ పేజీలో ఉత్తర్వు కంటే అదే ముఖ్యం అనిపిస్తుంది.

ఇక ఏ రికార్డు అడగాలి? ఇది విశాఖ ప్రత్యేకత. 1802 శాశ్వత పరిష్కారం తర్వాత ఈ జిల్లాలో చాలా మటుకు జమీందారీలే, విజయనగరం వారిది వాటిలో చాలా పెద్దది. ప్రభుత్వ తాలూకాలని చెప్పదగ్గవి ప్రధానంగా గొలుగొండ, సర్వసిద్ధి, పాలకొండ, అంటే నర్సీపట్నం, ఎలమంచిలి వైపు, పైన పాలకొండ వైపు. ప్రభుత్వ గ్రామాల్లో బ్రిటిష్ వాళ్లే సర్వే చేసి సెటిల్మెంట్ చేశారు కాబట్టి అక్కడి భూములకి ఆర్‌ఎస్‌ఆర్ అనే రీసెటిల్మెంట్ రిజిస్టరు ఆధారం. జమీందారీ గ్రామాల్లో లెక్కలన్నీ ఎస్టేటు వాళ్ల దివాణంలో ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి అవి ప్రభుత్వపరమయ్యాకే సర్వే, పట్టాలు. అందుకని అక్కడ ఎస్‌ఎఫ్‌ఏ, అంటే సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ అడగాలి. మీ ఊరు జమీందారీ గ్రామం అయ్యుండి మీరు ఆర్‌ఎస్‌ఆర్ కాపీ కోసం దరఖాస్తు పెడితే "లేదు" అనే జవాబు వస్తుంది, ఆ జవాబు అక్షరాలా నిజం, మీ భూమికి రికార్డే లేదేమోనని మీరు టెన్షన్ పడిపోతారు. మీ ఊరు ఏ కోవలోదో మండలంలో సర్వేయరుని అడిగితే నిమిషంలో చెప్తారు. ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం), గ్రామ నక్ష కావాలంటే రికార్డు రూములో కాదు, సర్వే శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో అడగాలి.

సర్టిఫైడ్ కాపీ దరఖాస్తులో ఊరు, పాత తాలూకా, పాత సర్వే నంబరు, ఉత్తర్వు నంబరు, ఏడాది రాయండి. నంబరు తెలియకపోతే ఏడాది అయినా కచ్చితంగా ఉండాలి. "1955 నుంచి 1970 మధ్య" అని రాస్తే ఎన్ని కట్టలు విప్పాలో ఒకసారి ఆలోచించండి, ఆయన విప్పడు, నేనైనా విప్పను. ఏడాది పట్టుకోవడానికి ఇంట్లో పాత శిస్తు రశీదులు, రిజిస్ట్రేషన్ దస్తావేజులోని "హక్కు సంక్రమించిన విధం" పేరా వెతకండి, చాలాసార్లు ఉత్తర్వు నంబరు అక్కడే దొరుకుతుంది.

పాత కాపీల్లో ఊరి పేర్ల స్పెల్లింగు ఇంగ్లీషులో ఇష్టమొచ్చినట్టు ఉంటుంది. ఒక స్పెల్లింగుతో లేదంటే ఇంకోదానితో చూడమనండి.

కంపెనీ కాలం, పందొమ్మిదో శతాబ్దం సంగతులు కావాల్సినవాళ్లు, అంటే భూమి గొడవ కాకుండా చరిత్ర మీద ఆసక్తితో వెళ్లేవాళ్లు, ఈ రికార్డు రూము మీద ఆశ పెట్టుకోవద్దు. రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ఈ జిల్లాలో ఏజెంటుగా పనిచేసిన కార్మైకేల్ 1869లో అచ్చువేసిన జిల్లా మాన్యువల్, 1907లో వచ్చిన గెజిటీర్ ముందు చదువుకుని అప్పుడు బయల్దేరండి.

ఈ భవనంలో దొరకనివి

చాలామంది పొరపాటున ఇక్కడికొచ్చి తిరిగిపోయేవి కొన్ని. నగరంలో పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఇంటి పన్ను, బిల్డింగ్ ప్లాను అసీల్‌మెట్టలో జీవీఎంసీ (నగరపాలక సంస్థ) వాళ్లవి. లేఅవుట్ అప్రూవల్ సిరిపురం ఉద్యోగ్ భవన్లో వీఎంఆర్డీఏ (నగరాభివృద్ధి సంస్థ). కులం, ఆదాయం సర్టిఫికెట్లకి మీ సచివాలయం లేదా మీసేవ. జిల్లా పరిషత్ వేరే ఆఫీసు, పంచాయతీరాజ్ రోడ్ల పని అక్కడ. నగరంలో లా అండ్ ఆర్డర్ వ్యవహారం పోలీసు కమిషనర్‌ది.

ఎంత అడిగినా పలక్కపోతే

సమాచార హక్కు దరఖాస్తు. జిల్లా ఆఫీసుకి ఫీజు 10 రూపాయలు, మండల ఆఫీసుకి 5, గ్రామ స్థాయిలో అసలు లేదు, తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకి ఎక్కడా లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇక్కడా అదే మాట, "నా ఫైలు ఎందుకు ఆలస్యమైంది" అని అడిగితే అది సమాచారం కాదంటారు. ఇలా అడగండి: "ఫలానా నంబరు ఫైలులో నోట్ ఫైలు, కరెస్పాండెన్స్ మొత్తం కాపీ, ఆ ఫైలు ఏ తేదీన ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో ఆ వివరాల కాపీ ఇవ్వండి." నోట్ ఫైలు చేతికొస్తే ఎవరు ఏం రాశారో వాళ్ల సంతకాలతో సహా కనిపిస్తుంది. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా 30 రోజుల్లోపు మొదటి అప్పీలు అదే ఆఫీసులోని పై అధికారికి వెళ్తుంది, దానికి విడిగా వకీలు అక్కర్లేదు, ఒక పేజీ తెలుగులో రాసి తపాలులో ఇచ్చి ముద్ర వేయించుకుంటే చాలు.